సెల్లార్‌లో చెమ్మ: ముందు నీటి దారి పట్టుకోండి

(విశాఖపట్నంలో సొంత ఇళ్ళవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

నమస్కారమండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

ఈ మాట ఏప్రిల్లోనే పెట్టుకోవడానికి కారణం ఉంది. సెల్లార్ గోడ పక్కన మట్టి తవ్వాల్సిన పని ఏదున్నా వానలకు ముందే అయిపోవాలి. జూన్ నడిమికి వచ్చాక తవ్వితే ఆ గోతిలోకే వాననీళ్ళు దిగి నేరుగా గోడను పట్టుకుంటాయి. ఇప్పుడు మొదలుపెడితే మే నెలాఖరుకి ముగించుకోవచ్చు.

మన ఊళ్ళో సెల్లార్లు రెండు రకాలు. చదును స్థలంలో నాలుగు గోడలూ మట్టిలోకి దిగినవి ఒక రకం. సీతమ్మధార, మధురవాడ, రుషికొండ లాంటి చోట్ల కొండవాలులో కట్టినవి రెండో రకం. వీటికి ముందువైపు రోడ్డుకి తెరిచి ఉంటుంది, వెనక గోడ మాత్రం కొండకి ఆని ఉంటుంది. వాలులో కట్టినవాళ్ళు ఎక్కువ బాధపడతారు గానీ, నిజానికి వాళ్ళ పనే తేలిక. పట్టుకున్న నీటిని మోటారు లేకుండా కిందికి పంపే వాలు వాళ్ళ స్థలంలోనే ఉంది. చదును స్థలంవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు.

గోడ చెమ్మగిల్లగానే చాలామంది చేసేది ఒకటే. షాపుకెళ్ళి డ్యాంప్ ప్రూఫ్ డబ్బా తెచ్చి, లోపలివైపు రెండు కోట్లు వేయించడం. ఆర్నెల్లు బాగానే ఉంటుంది. తర్వాత బుడగలు, ఆ తర్వాత పెచ్చులు. తప్పు పెయింటుది కాదు. గోడ అవతల మీటరు ఎత్తున నీళ్ళు నిలిస్తే, ఆ నీటి అడుగున చదరపు మీటరుకి టన్ను ఒత్తిడి ఉంటుంది. అవతలి నుంచి అంత బలం తోస్తుంటే ఇవతల అంటించిన సన్నటి పొర ఎన్నాళ్ళు ఆగుతుంది? అందుకని ఇవాళ నేను గట్టిగా చెప్పేది ఇదే: నీళ్ళు ఏ దారిన వస్తున్నాయో తేలేదాకా ఒక్క డబ్బా కూడా కొనకండి.

తేల్చుకోవడం కష్టమేం కాదు. సెల్లార్ తలుపు వెనక ఒక క్యాలెండర్ తగిలించండి. చెమ్మ కనబడ్డ రోజు, ఏ గోడ, నేల నుంచి ఎంత ఎత్తు, ఆ రోజు వాన పడిందా, ఉక్కగా ఉందా, ఇంతే రాయండి. తడి అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి. ఎండాకాలంలో ఒక నెల, వానల్లో ఒక నెల చూస్తే చాలావరకు దానంతట అదే తెలిసిపోతుంది.

వాన మొదలైన గంట రెండు గంటల్లో తడి వస్తే అది పైనుంచి దిగిన నీరు. డాబా మీది పైపు నీళ్ళన్నీ తెచ్చి గోడ మొదట్లో వదిలేస్తోందన్నమాట, లేకపోతే పెరట్లో గచ్చు ఇంటివైపుకే వాలి ఉంది. వాన వెలిసిన రెండు మూడు రోజులకి మొదలై వారం, పది రోజులు ఊరుతుంటే అది కొండలోంచి వచ్చే నీరు. మన చుట్టూ ఉన్న కొండల్లో ఎక్కువభాగం ఖొండలైట్ రాయి. పైపొర శిథిలమై ఎర్రమట్టి, మెత్తటి సుద్ద అయిపోతుంది, కింద గట్టి రాయి అలాగే ఉంటుంది. వాననీరు పైపొరలోకి ఇంకి, గట్టిరాయి తగిలాక దాని మీదుగా వాలు వెంట జారుతుంది. ఆ దారికి అడ్డంగా మీ వెనక గోడ ఉంటే నీళ్ళు అక్కడే ఆగి నిలుస్తాయి. వానకీ ఎండకీ సంబంధం లేకుండా ఏడాదంతా ఒకే చోట తడిగా ఉంటే పైపునో, నీళ్ళ సంపునో, దగ్గర్లో ఉన్న సెప్టిక్ ట్యాంకునో అనుమానించాలి. ఇక చినుకన్నది లేని రోజుల్లో, ఉక్కపోసినప్పుడు మాత్రమే నేల జారుతూ గోడ చెమర్చితే అవి నేలలోంచి వచ్చిన నీళ్ళు కానేకాదు. గాల్లోంచి వచ్చినవి. చల్లటి నీళ్ళు పోసిన చెంబు బయట చెమర్చదూ, అదే ఇది.

అనుమానం తీరకపోతే ఒక పరీక్ష. 45 సెంటీమీటర్ల చదరం మందపాటి పాలిథిన్ ముక్క తీసుకుని నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. గోడకైతే వంటింటి అల్యూమినియం ఫాయిల్ బాగుంటుంది. ఒక పగలు, ఒక రాత్రి, వీలైతే రెండు రోజులు వదిలేయండి. విప్పినప్పుడు లోపలివైపు తడి ఉంటే నేలలోంచో గోడలోంచో వస్తోంది. పైవైపు తడిసి లోపల పొడిగా ఉంటే గాలిలోని తేమ. రెండువైపులా తడి ఉంటే రెండూ ఉన్నాయి, మన ఊళ్ళో ఇదీ తరచుగా కనబడేదే. ఈ పరీక్ష జనవరిలో చేసి గుండె మీద చెయ్యి వేసుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి చేయాలి.

దీనికి తోడు గాలిలో తేమ శాతం చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనండి. కొన్ని వందల రూపాయలకే వస్తుంది. కాకపోతే చవకవి అయిదు, పది శాతం తేడా చూపిస్తాయి. సరిచూసుకోవడానికి వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంతవరకే నీటిచుక్కలు వేయండి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటరునీ ఒక జిప్ సంచిలో పెట్టి మూసి పది గంటలు వదలండి. లోపల తేమ 75 శాతం దగ్గర ఆగుతుంది. మీటరు 69 చూపిస్తే, ఇకమీదట అది చూపించిన అంకెకి ఆరు కలుపుకోవాలి.

ఈ 75 అంకె గుర్తుపెట్టుకోండి. మన ఊళ్ళో సగం చెమ్మ సమస్యలు దీని చుట్టూనే తిరుగుతాయని నా అభిప్రాయం.

ఇదిగో ఈ ప్లాస్టరు పెళ్ళ చూడండి. ఒకరి తర్వాత ఒకరు చేతిలోకి తీసుకుని చూడండి. నేలకి రెండడుగుల ఎత్తున గోడ నుంచి ఊడింది. పైన పెయింటు పొర గట్టిగానే ఉంది, గోరు దూర్చి లాగితే ఒక్క ముక్కగా లేచి వస్తోంది. దాని వెనక తెల్లటి నూగు చూశారా? వెలుతురుకి పట్టండి, సన్నటి సూదులు కనబడతాయి. వేలితో రాయండి, మొదట పొడిగా రాలుతుంది, కాసేపటికి వేలు జిగటగా అవుతుంది. అది ఉప్పు. మట్టిలో ఉన్న ఉప్పు నీటితోపాటు ఇటుకలోకి పాకుతుంది. కట్టేటప్పుడు ఉప్పు ఇసుకో, ఉప్పు బోరు నీళ్ళో వాడినా గోడలో చేరుతుంది. నీరు గోడ పైకి వచ్చి ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే ఉండిపోయి స్ఫటికం కడుతుంది. ఆ స్ఫటికం పెరిగేటప్పుడు ప్లాస్టరుని లోపలి నుంచి పొడి చేసేస్తుంది.

ఉప్పుకి ఇంకో గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే గాల్లోంచి నీళ్ళు పీల్చుకుని తనే కరిగిపోతుంది. ఎండాకాలంలో, వానల్లో మన ఊళ్ళో గాలి ఆ గీత దాటని రోజులు ఎన్నుంటాయి? అందుకే ఎక్కడా లీకు లేకపోయినా ఉప్పు పట్టిన గోడ తడిగా కనబడుతుంది. డిసెంబరులో దానంతట అదే ఆరిపోతుంది. ఇంటాయన లీకు అనుకుని వేలకి వేలు పోసి గోడలోకి మందు ఎక్కించే ఇంజెక్షన్లు చేయిస్తాడు, మళ్ళీ మేలో గోడ తడుస్తుంది. చేసినవాడు మోసగాడని తిట్టుకుంటాడు. అక్కడ ఆపాల్సిన లీకే లేదు మరి.

ఉప్పు గోడకి చేయాల్సింది వేరు. మరక ఎంత ఎత్తుకి ఎక్కిందో చూసి, దానికి ఇంకో 60 సెంటీమీటర్లు పైదాకా ప్లాస్టరు మొత్తం ఇటుక కనబడేలా కొట్టేయండి. ఇటుకల మధ్య సందుల్లో మాలు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల లోతు గీకేయండి. పొడి బ్రష్‌తో రుద్ది, రాలిన పొడిని ఊడ్చి బయట పారేయండి. నీళ్ళు పోసి కడగకండి, కడిగితే ఉప్పు మళ్ళీ లోపలికి పోతుంది. ఒక చలికాలం గోడని అలాగే వదిలేసి, తెల్లగా పూసినప్పుడల్లా పొడిగా రుద్దండి. తర్వాత 1 పాలు సిమెంటు, 2 పాలు సున్నం, 9 పాలు కడిగిన నది ఇసుకతో బలహీనమైన మాలు కలిపి ప్లాస్టరు చేయించండి. మేస్త్రీ ఒప్పుకోడు, సిమెంటు ఎక్కువ వేస్తేనే గట్టిదంటాడు. మనకి ఇక్కడ గట్టిది అక్కర్లేదు. ఉప్పుని తనలోకి తీసుకుని, కొన్నేళ్ళకి తను పోయి ఇటుకని కాపాడే పొర కావాలి. దాని మీద సున్నమో సిమెంటు పెయింటో వేయండి. ప్లాస్టిక్ పుట్టీ, ఎనామిల్, టైల్స్ వద్దు. నాలుగడుగుల ఎత్తున టైల్స్ అంటిస్తే చెమ్మ అయిదో అడుగు దగ్గర బయటికొస్తుంది.

నిజంగా నీళ్ళే వస్తున్నాయని తేలితే మొదటి ఖర్చు బయటివైపు పెట్టండి. అందులోనూ మొదట డాబా చూడండి. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క రోజులో 100 మి.మీ. వాన పడితే పదివేల లీటర్లు. తుఫాను రోజుల్లో అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ నీళ్ళు రెండు పైపుల్లోంచి సెల్లార్ గోడ మొదట్లోకి దిగుతుంటే మీరు లోపల ఏం చేసినా దండగే. ప్రతి పైపునీ పొడిగించి నీటిని గోడకి కనీసం మూడు మీటర్ల దూరానికి, లేదా నేరుగా వాననీటి కాలువలోకి చేర్చండి. గోడ చుట్టూ మీటరు వెడల్పున కాంక్రీటు గచ్చు, దానికి బయటివైపు వాలు. గచ్చు దాటాక మట్టి కూడా మూడు మీటర్ల దూరంలో 15 సెంటీమీటర్లు దిగేలా ఉండాలి. గచ్చు గోడని తాకేచోట చిన్న సందు వదిలి, దాన్ని రబ్బరులా సాగే పాలీసల్ఫైడ్ సీలెంట్‌తో నింపండి. సిమెంటుతో నింపితే ఎండకి పగిలి, ఆ పగులే నీటికి దారవుతుంది.

ఇంకుడు గుంట మాట ఇక్కడే చెప్పాలి. ఇంకుడు గుంట మంచిదే, తవ్వించాల్సిందే. కానీ స్థలం చాలక దాన్ని సెల్లార్ గోడకి మీటరు దూరంలో తవ్విన ఇళ్ళు ఎన్నో. డాబా నీళ్ళన్నీ ఏరికోరి గోడ పక్కన ఇంకిస్తున్నట్టే కదా. గుంట గోడకి అయిదు మీటర్లన్నా దూరంలో, స్థలం వాలిన వైపు ఉండాలి. అంత చోటు లేకపోతే గుంటలోకి పోయే పైపుని మూసి, నీటిని ట్యాంకులో పట్టుకుని వాడుకోండి.

ఇంత చేశాక కూడా కొండనీరు వస్తుంటే గోడ వెనక కంకర కాలువ వేయాలి. దీన్ని కాస్త నిదానంగా చెప్తాను, చాలాచోట్ల చెడగొట్టేది ఇదే పని. గోడ పొడవునా 45 సెంటీమీటర్ల వెడల్పు కందకం తవ్వాలి. అడుగు మట్టం సెల్లార్ నేలకి 15 సెంటీమీటర్లు కింద ఉండాలి, పునాది అడుగుకి మాత్రం పైనే ఉండాలి. పునాది అడుగు అంచు నుంచి బయటికి, కిందికి 45 డిగ్రీల గీత ఊహించుకోండి, తవ్వకం ఆ గీతని దాటి లోపలికి వెళ్ళకూడదు. ఒకేసారి గోడ మొత్తం తవ్వకుండా రెండు మూడు మీటర్ల చొప్పున తవ్వుతూ పూడుస్తూ పోవాలి. ఒకటిన్నర మీటరు లోతు దాటితే పక్కలకి చెక్కలు, ఊతకర్రలు లేకుండా మనిషిని దించొద్దు. మన ఎర్రమట్టి ఎండలో గట్టిగా నిలబడినట్టే ఉండి, తడిస్తే ఒక్కసారిగా విరుగుతుంది.

గోడ బయటి ముఖం కనబడింది కాబట్టి అదే ఊపులో దానికి పూత వేయించండి, ఆ అవకాశం మళ్ళీ రాదు. మట్టి కడిగి, గుంతలు నింపి, గోడ పునాదిని కలిసే మూలలో 5 సెంటీమీటర్ల మాలు గుండ్రంగా కట్టి, ఆరాక ప్రైమర్ వేసి, 4 మి.మీ. ఏపీపీ బిటుమెన్ షీటు (ప్లాస్టిక్ కలిపిన తారు షీటు) మంటతో అంటించాలి. షీటు మీద షీటు 10 సెంటీమీటర్లు ఎక్కాలి. మూల పదునుగా వదిలేస్తే షీటు అక్కడే చిట్లుతుంది. షీటుకి రాళ్ళు తగలకుండా డ్రైనేజీ బోర్డు (బొడిపెలున్న ప్లాస్టిక్ పలక) గానీ సన్నటి ఇటుక గోడ గానీ అడ్డం పెట్టాలి.

కందకంలో ముందు జియోటెక్స్‌టైల్ గుడ్డ, అంటే నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ, పరవాలి. అడుగున పది సెంటీమీటర్ల కడిగిన 20 మి.మీ. కంకర, దాని మీద రంధ్రాలున్న 100 మి.మీ. పీవీసీ పైపు, రంధ్రాలు కిందివైపుకి. పైకి పెడితే మట్టి నేరుగా పైపులో పడుతుంది, నీరు కూడా పైపు నిండే ఎత్తుకి వస్తేగానీ లోపలికి పోదు. పైపుకి వందకి ఒకటి వాలు, అంటే 12 మీటర్ల గోడకి 12 సెంటీమీటర్లు. ఇది కంటితో కుదరదు, నీళ్ళ గొట్టంతో లెవెల్ చూసుకోవాలి. పైన మళ్ళీ కంకర, మొత్తం 60 సెంటీమీటర్ల మందం అయ్యాక గుడ్డని పైకి మడిచి కప్పేయాలి. గుడ్డ కంకర చుట్టూ ఉండాలి. పైపుకి మాత్రమే చుడితే ఒకటి రెండేళ్ళలో మట్టి పట్టి మూసుకుపోతుంది. పైన 30 సెంటీమీటర్లు గట్టిగా దిమ్మిస కొట్టిన మట్టి, ఆ మీద గచ్చు. ప్రతి మలుపు దగ్గరా నిలువు పైపు పెట్టి మూత బిగించండి, ఏడాదికోసారి అందులోంచి నీళ్ళు పంపి చూడటానికి. 12 మీటర్ల గోడకి సుమారు మూడుంపావు ఘనపు మీటర్ల కంకర, అతుకులతో కలిపి 30 చదరపు మీటర్ల గుడ్డ, ఆరు మీటర్ల పైపులు రెండు పడతాయి. పైపు దిగువ కొస రోడ్డువైపు వాననీటి కాలువలోకి. మురుగు లైనులోకి కలపకూడదు. పెద్దవానకి అది నిండి వెనక్కి తంతే మీ సెల్లార్‌లోకి వచ్చేది మురుగే.

బయట తవ్వే చోటే లేనివాళ్ళు ఉంటారు, పక్కింటి గోడ ఆనుకుని ఉంటుంది. వాళ్ళు లోపలి నుంచే చేసుకోవాలి. ఇది రెండో మంచి మార్గమే, మొదటిది కాదు. కాంక్రీటు గోడైతే పెయింటు, పుట్టీ, ప్లాస్టరు మొత్తం తీసి కాంక్రీటు బయటపెట్టి, బాగా తడిపి, నీళ్ళు నిలవని స్థితిలో క్రిస్టలైన్ కోటింగ్ రెండు కోట్లు వేయాలి. కోటుకి చదరపు మీటరుకి దాదాపు 800 గ్రాముల పొడి పడుతుంది. రెండు మూడు రోజులు రోజుకి మూడుసార్లు సన్నగా నీళ్ళు చల్లాలి. ఇది కాంక్రీటులోని సున్నంతో కలిసి లోపల స్ఫటికాలు పెంచి రంధ్రాలు మూస్తుంది. ఇటుక గోడకి ఇది పనిచేయదు, షాపువాళ్ళు ఏం చెప్పినా సరే.

నీరు ధారగా కారే పగులుంటే దాన్ని రెండున్నర సెంటీమీటర్ల లోతు, లోపల కాస్త వెడల్పుగా కోసి, వెంటనే గట్టిపడే ప్లగ్ సిమెంటుతో మూయాలి. మూడు నుంచి అయిదు నిమిషాల్లో బిగుస్తుంది కాబట్టి పిడికెడే కలపండి. పైన వెడల్పు, లోపల సన్నగా కోస్తే నీటి ఒత్తిడికి ఆ ముక్క ఊడి చేతికొస్తుంది. పగులు గోడ మందం మొత్తం ఉండి నీరొస్తే పీయూ (పాలీయురెథేన్) ఇంజెక్షన్, అంటే తడి తగిలితే ఉబ్బే జిగురుని పగులులోకి ఎక్కించడం. పగులుకి అటొకటి ఇటొకటిగా 15, 20 సెంటీమీటర్లకి ఒక రంధ్రం, 45 డిగ్రీల కోణంలో, గోడ మందంలో సగం దగ్గర పగులుని తాకేలా. కింది నుంచి పైకి ఎక్కించాలి. ఎపాక్సీ అనే గట్టి జిగురు తడి లేని పగులుకి, పీయూ తడి పగులుకి. కాంట్రాక్టర్ ఈ తేడా చెప్పలేకపోతే ఇంకొకర్ని చూసుకోండి.

నీరు ఎక్కువగా గోడ, నేల కలిసే చోటే కారుతుంది, ఎందుకంటే ఆ రెంటినీ వేర్వేరు రోజుల్లో పోస్తారు, మధ్యలో అతుకు మిగులుతుంది. ఇంజెక్షన్‌కి ఆగకపోతే దాన్ని ఆపడం మానేసి పట్టుకోండి. గోడ వెంట నేలలో సన్నటి కాలువ కోసి, ఒక మూల 60 సెంటీమీటర్ల చదరం, 75 లోతు గుంటలోకి చేర్చి, ఫ్లోట్ స్విచ్ (నీరు పెరిగితే తనే మోటారు వేసే స్విచ్) ఉన్న అర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టండి. పైపులో నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. ఒక జాగ్రత్త: గుంటలోకి వచ్చే నీళ్ళు తేటగా ఉండాలి. ఎర్రగా, మట్టితో వస్తుంటే పునాది కింది మట్టి కడుక్కుపోతోందని అర్థం. పంపు ఆపించి స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి.

ఇప్పుడు గాలి. కిటికీలు తెరిస్తే చెమ్మ ఆరుతుందని మన అందరి నమ్మకం. పై అంతస్తుల్లో నిజమే. సెల్లార్‌లో, మన సముద్రపు గాలిలో, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అది తప్పు. లెక్క చూడండి. బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న గాలిలో ఘనపు మీటరుకి 25 గ్రాముల నీరుంటుంది. ఆ గాలి 27 డిగ్రీల గోడని తాకితే చాలు, నీటి బిందువులు కడుతుంది. మట్టిలో ఉన్న సెల్లార్ గోడ చాలా రోజులు ఆ దగ్గర్లోనో అంతకన్నా చల్లగానో ఉంటుంది. లోపల మనకి కావలసింది 28 డిగ్రీల దగ్గర 60 శాతం, అంటే 16 గ్రాములు. ప్రతి ఘనపు మీటరు బయటి గాలీ 9 గ్రాములు అదనంగా మోసుకొస్తోంది. 10 మీటర్ల పొడవు, 6 వెడల్పు, 2.7 ఎత్తున్న సెల్లార్‌లో 162 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి గంటకొకసారి ఆ గాలి మార్చారనుకోండి, గంటకి దాదాపు లీటరున్నర, రోజుకి 35 లీటర్ల నీళ్ళు మీరే లోపలికి తెచ్చుకున్నట్టు. సంచుల్లో వచ్చే తేమ పీల్చే పొడి కొన్ని వందల మిల్లీలీటర్లే పీలుస్తుంది, బీరువా వరకే దాని పని.

డీహ్యుమిడిఫయర్, అంటే గాలిలో తేమ తీసే మిషన్, పెడితే తలుపులు, కిటికీలు, సందులు మూసి పెట్టాలి. అట్ట మీద రాసే లీటర్లు సాధారణంగా 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచినవి. 60 శాతం దగ్గర దాదాపు సగమే తీస్తుంది. డబ్బా నిండితే ఆగిపోతుంది కాబట్టి గొట్టం పంపు గుంటలోకి వదలండి. 55 శాతానికి సెట్ చేయండి. అంతకన్నా కిందికి దించితే కరెంటు బిల్లు తప్ప లాభం లేదు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కథ వేరు. మధ్యాహ్నం 28 డిగ్రీలు, 55 శాతం ఉంటే బయటి గాలిలో 15 గ్రాములే ఉంటాయి. అప్పుడు పదింటి నుంచి నాలుగింటి దాకా అన్నీ తెరిచి ఫ్యాన్లు వేయండి, గోడలు అప్పుడే ఆరతాయి. మిగతా కాలంలో తెరవాలా వద్దా అనుకున్నప్పుడు ఫోన్‌లో డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బిందువులు కట్టే ఉష్ణోగ్రత) చూడండి, గోడ వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి. గోడ డ్యూ పాయింట్ కన్నా కనీసం రెండు డిగ్రీలు వేడిగా ఉంటేనే తెరవండి. బట్టలు మాత్రం ఎప్పుడూ సెల్లార్‌లో ఆరేయకండి, ఒక మిషన్ బట్టలు రెండు లీటర్ల నీళ్ళు వదులుతాయి.

బూజు గురించి క్లుప్తంగా. మీటరు చదరం లోపు ఉంటే మాస్కు, గ్లౌజులు వేసుకుని సబ్బునీళ్ళతో రుద్ది తుడిచి ఆరబెట్టండి. బ్లీచింగ్ వాడితే అందులో టాయిలెట్ యాసిడ్ కలపనే కలపకండి, క్లోరిన్ విషవాయువు పుడుతుంది. అట్టపెట్టెలు, ప్లైవుడ్, జిప్సం పనులు సెల్లార్‌లో పెట్టకండి. ర్యాకులు గోడకి నాలుగు వేళ్ళు, నేలకి జానెడు ఎడంగా ఉంచండి.

ప్రశ్నలు అడగండి.

(నీళ్ళ సంపు సెల్లార్ పక్కనే ఉంది, అదే కారుతోందో లేదో ఎలా తెలుస్తుందని ఒకరు అడిగారు.)

సంపు నింపి, లోపలికి వచ్చే వాల్వు, మోటారు రెండూ ఆపేసి, నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. 24 గంటల తర్వాత చూడండి. పొడవు, వెడల్పు మీటర్లలో గుణించి, దిగిన మిల్లీమీటర్లతో గుణిస్తే పోయిన లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల చదరం సంపులో 10 మి.మీ. దిగితే 40 లీటర్లు. మూత ఉన్న సంపులో ఆవిరయ్యేది ఏమంత ఉండదు, కాబట్టి అది లీకే. బాగుచేయడానికి దిగేముందు మూత పూర్తిగా తెరిచి చాలాసేపు గాలి ఆడనివ్వండి, పైన మనిషి లేకుండా ఎవర్నీ దించకండి.

(కొత్తగా కట్టుకునేవాళ్ళు ఏం అడగాలి?)

నాలుగు సంగతులు. ఐఎస్ 456 (కాంక్రీటు పనులకి భారత ప్రమాణం) ప్రకారం సముద్ర తీరం తీవ్రమైన వాతావరణం కింద లెక్క. ఎం30 గ్రేడు కాంక్రీటు, నీళ్ళు సిమెంటు బరువులో 0.45కి మించకూడదు, ఊచల మీద 45 మి.మీ. కవరు, అంటే ఊచని కప్పే కాంక్రీటు మందం. కలిపే నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు, బోరు నీళ్ళు ల్యాబులో పరీక్ష చేయించాకే వాడాలి. నేల కింద 15 సెంటీమీటర్ల కంకర, దాని మీద 250 మైక్రాన్ల పాలిథిన్, అతుకు దగ్గర 30 సెంటీమీటర్లు ఎక్కించి. గోడ, నేల అతుకులో నీరు దాటకుండా ఆపే పీవీసీ పట్టీ (వాటర్ స్టాప్), ఆ పట్టీ అతుకులు వేడితో కలపాలి, మేకు కొట్టి వేలాడదీయకూడదు. మట్టి పూడ్చకముందు మీరే వెళ్ళి చూసి ఫోటోలు తీసుకోండి.

(తుఫానుకి సెల్లార్ నిండిపోతే వెంటనే తోడేయొచ్చా?)

వద్దు. ముందు మెయిన్ ఆపండి. మెయిన్ స్విచ్ సెల్లార్‌లోనే ఉంటే నీళ్ళలోకి దిగకుండా లైన్‌మన్‌ని పిలిచి స్తంభం దగ్గర తీయించండి. తర్వాత బయట నేల మీద నీరు తగ్గేదాకా ఆగండి. బయట మట్టి నీళ్ళతో నిండి ఉండగా లోపల ఖాళీ చేసేస్తే, లోపలి నీరు ఇన్నాళ్ళూ ఆపిన బరువు ఒక్కసారిగా గోడ మీద పడి గోడ విరగొచ్చు, నేల పైకి లేవొచ్చు. మొదటి రోజు ఒక అడుగు తోడి గీత పెట్టి రాత్రంతా ఆగండి. తెల్లారేసరికి మళ్ళీ పెరిగితే ఇంకా తొందర. పెరగకపోతే ఇంకో అడుగు.

పంపుకి కరెంటు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో ఎన్ని రోజులు కరెంటు లేదో మీ అందరికీ తెలుసు. పంపు కావలసింది సరిగ్గా ఆ రోజుల్లోనే. అర హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 500, 600 వాట్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో దానికి మూడు నాలుగింతలు. ఫ్యాన్లు, లైట్ల కోసం కొన్న చిన్న ఇన్వర్టరు దాన్ని లేపలేదు. రెండు కేవీఏకి తక్కువ కాకుండా, మోటారు స్టార్టింగ్‌ని తట్టుకుంటుందని రాసి ఉన్నది చూసి తీసుకోండి, బ్యాటరీని సెల్లార్‌లో కాకుండా పైన పెట్టించండి. సెప్టెంబరు నెలాఖరులో ఒకసారి మెయిన్ ఆపి, గుంటలో చాలినన్ని నీళ్ళు పోసి, ఫ్లోట్ లేస్తోందా, మోటారు ఇన్వర్టరు మీద మొదలవుతోందా, నీళ్ళు అవతలి కొసన బయటికి వస్తున్నాయా, మూడూ కళ్ళారా చూసుకోండి.